ఫియట్టుకు మనిషి కావలెను

కర్నూలులో పాత కారున్న ఏ ఇంటికైనా వెళ్లండి. ఆ కారులో ప్రకాశం పంతులుగారు ఒక్కసారైనా ఎక్కే ఉంటారు. ఎక్కలేదంటే ఆ ఇంటివాళ్లు ఊరుకోరు. మీరు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు కథ వచ్చేస్తుంది. "మా జేజినాయన కారప్పా ఇది. మన ఊరు రాజధానిగా ఉన్నప్పుడు పంతులుగారు దీంట్లోనే తిరిగినారు." తలెత్తి చూస్తే ఎదురుగా అంబాసిడర్!

నవ్వొస్తుంది. నవ్వకూడదు, కాఫీ వాళ్లదే కదా. కానీ లెక్క చూడండి. కర్నూలు రాజధాని అయింది 1953 అక్టోబరు 1న. 1956 నవంబరుకల్లా ఆ వైభవం హైదరాబాదుకు వెళ్లిపోయింది. పంతులుగారి మంత్రివర్గమైతే 1954 నవంబరులోనే పడిపోయింది. అంబాసిడర్ పుట్టిందేమో వీటన్నిటి తర్వాత! అంటే ఇంకా పుట్టని కారులో ముఖ్యమంత్రిగారు ఊరంతా తిరిగారన్నమాట. అదే దామోదరం సంజీవయ్యగారు ఎక్కారని చెప్పి ఉంటే ఎంత బాగుండేది? ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నది 1960 నుంచి 1962 దాకా. పక్కనే పెద్దపాడు ఆయన ఊరు. లెక్కా కుదిరేది, నమ్మడానికీ వీలుండేది. ఏం చేస్తాం? గొప్పలు చెప్పుకునేటప్పుడు క్యాలెండరు చూసే అలవాటు మనకు లేదు.

ఇదంతా ఎందుకంటే, పాత కారు అమ్మాలనుకునేవాడికి పట్టే మొదటి జబ్బు ఇదే. కారు ధరకు పంతులుగారి ధర కూడా కలిపేస్తాడు.

మా వీధి చిన్నాయనకు ఈ మధ్య ఆ జబ్బు చేసింది. నాకు వరుసకు చిన్నాయన అనుకునేరు. వీధిలో సగం మందికి ఆయన చిన్నాయనే, మిగతా సగం మంది ఆయనకు బాకీ. ఆయనది అంబాసిడర్ కాదు లెండి, ఫియట్. కాగితాల్లో ప్రీమియర్ పద్మిని అని ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచిన మనిషిని నేను మా జిల్లాలో చూళ్లేదు. 1975 మోడల్. రంగు తెలుపు. అంటే ఒకప్పుడు. ఇప్పుడు బేతంచెర్ల రాళ్ల ఫ్యాక్టరీ పక్కన నెల రోజులు నిలబెట్టిన రంగు.

అది మూలపడిన కథ చాలా చిన్నది. బ్రేకు సరిగా పట్టడం లేదని ఒక శనివారం పక్కన పెట్టాడు. సోమవారం మెకానిక్కుకు చూపిద్దామనుకున్నాడు. ఆ సోమవారం ఇంకా రాలేదు. ఈలోగా కూతుళ్ల పెళ్లిళ్లయ్యాయి. రాష్ట్రం రెండయింది. కర్నూలు జిల్లా కూడా రెండయింది. ఇంట్లోకి ఒక మారుతి వచ్చింది, పోయింది, ఇంకోటి వచ్చింది. ఫియట్ మాత్రం రేకుల షెడ్డులో నాలుగు ఇటుకల దొంతుల మీద, ఏ రాజకీయమూ పట్టకుండా కూర్చుంది.

ఖాళీగా కూర్చుందా అంటే అదీ లేదు. వెనక సీటులో అర బస్తా బుడ్డలు. డిక్కీలో ఎప్పుడో పెళ్లికి తీసి మళ్లీ ఎక్కించని గంగాళం, రెండు పాత టేబుల్ ఫ్యాన్లు. ముందు సీటు పెట్టకోడిది. అది పొదిగే కాలంలో ఆ వైపు తలుపు తీసే అధికారం చిన్నాయనకు కూడా లేదు. చిన్నమ్మ ఆర్డరు.

నవ్వుతున్నారా? మీ ఇంట్లో లేదేమిటి? కారు కాకపోతే స్కూటరో, మోటారు సైకిలో. చేతకో, లాంబ్రెట్టానో, మైసూరులో చేసిన ఎజ్డీనో. నాకు తెలుసు. పట్టా కింద నుంచి టైరు కనిపిస్తూనే ఉంది.

ఒక్కమాట మాత్రం ఫియట్ పక్షాన చెప్పాలి. ఇప్పటి పిల్లలకు కారంటే మధ్యాహ్నం చూసి సాయంత్రం తెచ్చుకునే వస్తువు. అప్పట్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాలి. దేశంలో ఉన్నవే ఇన్ని రకాలు: కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. 1964లో ఫియట్ 1100 డిలైట్ అని వచ్చిన కారే, చిన్న చిన్న అలంకారాలు మార్చుకుని, పేరు మార్చుకుని, 1974 ప్రాంతంలో పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను. గేరు స్టీరింగు పక్కనే. కాబట్టి ముందు సీటు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మంచంలా ఉంటుంది. డ్రైవరు కాక ముందు ఇద్దరు కూర్చుంటే మర్యాద, ముగ్గురు కూర్చుంటే సంసారం.

ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు కొన్నదీ ఫియట్టే. 1964లో. ధర 12,000 రూపాయలు. చేతిలో 7,000 ఉన్నాయి. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారు. అప్పు తీరకుండానే 1966 జనవరిలో తాష్కెంటులో పోయారు. ఆ బాకీని భార్య లలితగారు తన పింఛనులోంచి తీర్చారు. ఆ కారు ఇప్పటికీ ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది. ఈ కథ ఎవరు చెప్పినా చిన్నాయన ఒకసారి షెడ్డు వైపు చూసి గొంతు సవరించుకుంటాడు. "మనదీ అదే కంపెనీ" అంటాడు. అంతే, ధరలో ఐదువేలు పెరుగుతుంది.

ఈ ధరల పిచ్చికి పేపరు వాళ్లూ ఆజ్యం పోశారు. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడింది కదా. 2017లో అంబాసిడర్ అనే పేరును మాత్రం ఫ్రాన్సు కంపెనీ పెజో 80 కోట్లకు కొనుక్కుంది. పేరు మాత్రమే! అది చదివిన రోజు మా ఊళ్లో అంబాసిడర్లున్న వాళ్లెవరూ సరిగా నిద్రపోలేదు. ఉత్త పేరుకే 80 కోట్లయితే, పేరుతో పాటు నాలుగు తలుపులు, స్టెప్నీ కూడా ఉన్న బండికి ఎంత రావాలి? గుజిరీవాడు ముప్పై వేలంటే కోపం రాదూ?

సరే, అసలు విషయానికొద్దాం. మన సీమలో పాత బండ్లు దొరుకుతాయని బయటివాళ్లకు బాగా తెలుసు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నడుస్తుంటారు చూడండి, అలాంటి వాళ్లే వీళ్లూ. కాకపోతే వీళ్లు నేల వైపు కాదు, ప్రహరీల మీదుగా దొడ్ల వైపు చూస్తుంటారు. హైదరాబాదు నుంచి దిగేవాళ్లు కొందరు, బెంగుళూరు నుంచి ఎక్కి వచ్చేవాళ్లు కొందరు. వాళ్ల ఆశకు కారణముంది. సముద్రం పక్కన విశాఖలోనో కాకినాడలోనో ఇన్నేళ్లు నిలబెట్టిన కారయితే ఉప్పుగాలికి అడుగు రేకు అప్పడమైపోయేది. మన దగ్గర గాలిలో తేమ ఏదీ? వానే అతిథి. ఇనుము నిక్షేపంగా ఉంటుంది. మరి ఎండ ఊరుకుంటుందా? రబ్బరంతా తినేస్తుంది. అద్దాల చుట్టూ బీడింగు ముట్టుకుంటే పొడి. స్టీరింగు చక్రం పగుళ్లు. టైర్లు గాలి ఉన్నా లేనట్టే.

తెలిసినవాడు వస్తే ఇంజను గురించి అడగడు. ముందు అడిగే ప్రశ్న ఒకటే. "2009లో ఇది యాడ ఉండె?"

కర్నూలువాళ్లకు వివరించక్కర్లేదు. అక్టోబరు 2. గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. మనుషులు మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్న రోజున కార్లను ఎవడు చూస్తాడు? ఆ నీళ్లలో మునిగిన బండ్లను తర్వాత ఎంత కడిగినా, ఎంత పాలిష్ పెట్టినా, తలుపు రేకు లోపలి సందులో, సీటు స్ప్రింగుల కింద, హెడ్‌లైటు గిన్నె వెనక ఆ సన్నటి ఒండ్రు ఉండిపోతుంది. గోరుతో గీకితే చాలు. చిన్నాయన షెడ్డు మిట్ట మీద ఉంది కాబట్టి ఫియట్ బయటపడింది. అదంతా తన ముందుచూపు అంటాడాయన. ఆ స్థలం చవగ్గా వచ్చిందని కొన్నాడని చిన్నమ్మ అంటుంది. ఇద్దరి మాటా నిజమే అయ్యుంటుంది.

పనిలో పని, ఇంకో మాట చెప్పనివ్వండి. మీ షెడ్డులోని బండికి మనిషి దొరికాడని సంబరపడి కొత్త బ్యాటరీ తెచ్చి తాళం తిప్పకండి. చేతులెత్తి దండం పెడతాను, తిప్పకండి. నిలవున్న పెట్రోలు ఎప్పుడో బంకగా మారి కార్బురేటరులో సన్న రంధ్రాలన్నీ మూసేసి ఉంటుంది. పిస్టన్లు సిలిండర్లను కరుచుకుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. ముందు ప్లగ్గులు విప్పాలి. ఆ రంధ్రాల్లో కాస్త ఆయిలు పోసి వదిలెయ్యాలి. ఒక రోజు, రెండు రోజులు, ఓపికుంటే వారం. తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. కదిలితే దేవుడికి కొబ్బరికాయ. క్లచ్చు ప్లేటు కూడా అతుక్కుపోయి ఉంటుంది, బ్రేకు సిలిండర్లలో రబ్బరు కప్పులు బిగుసుకుపోయి ఉంటాయి. ఇక ఎలుకల సంగతి. వైరింగు మొత్తం వాటి భోజనమే. చిన్నాయన కారులో మాత్రం బుడ్డలుండటంతో వైర్ల జోలికి పోలేదట. బస్తా అక్కడ పెట్టింది తనే కాబట్టి ఆ ఘనత తనదేనని చిన్నమ్మ లెక్క. ఈసారి చిన్నాయన నోరెత్తలేదు.

ఊళ్లో మాట పొక్కింది. చూడ్డానికి రావడం మొదలుపెట్టారు.

మొదట గుజిరీ వ్యాపారి. టైరును కాలితో తన్నాడు. ఆ తన్నుతోనే బేరం చెడింది. అయినా అడిగాడు, కిలో లెక్కన. ఫియట్ బరువెంత ఉంటుంది? తొమ్మిది వందల కిలోలకు కాస్త అటూఇటూ. చిన్నమ్మ లోపల్నుంచి, "ఆ లెక్కన మనిషిని కూడా తూకం వేసుకుని పొమ్మను" అంది. ఏ మనిషినో చెప్పలేదు.

తర్వాత హైవే మీద దాబా పెట్టబోయే అబ్బాయి. 44 నంబరు హైవే కదా, ఒక వైపు హైదరాబాదు, ఒక వైపు బెంగుళూరు, జనం ఫొటోలకు ఆగుతారని ఆశ. ఎర్ర రంగు వేసి గేటు దగ్గర ఎత్తు మీద నిలబెడతాడట. "ఇంజను నాకొద్దు, మీరే పెట్టుకోండి" అన్నాడు ఉదారంగా. చిన్నాయన మొహం చూడాల్సింది.

ఓర్వకల్లు రాళ్ల దగ్గర పెళ్లికి ముందు ఫొటోలు తీసేవాళ్లు వచ్చారు. వాళ్లకు కొనడం వద్దు, అద్దె చాలు. నడవదు నాయనా అంటే, "నడవక్కర్లేదు, నెట్టుకుని పోతాం. పెళ్లికొడుకు ఆనుకుని నిలబడితే చాలు" అన్నారు.

సినిమావాళ్లకు చెప్పి చూద్దామన్నాడు ఒక పెద్దమనిషి. నాకు ఒళ్లు మండింది. సినిమావాళ్లకు సీమ అంటే సుమోలే కదండీ! వరసగా పది సుమోలు, దుమ్ము, గాల్లోకి లేవడం, పేలడం. 'ఒక్కడు' వచ్చి ఇరవై ఏళ్లు దాటినా కొండారెడ్డి బురుజు చూడగానే బయటూరి వాళ్లకు అదే గుర్తొస్తుంది. మన దగ్గర మనుషులు ఫియట్లలో మహానందికీ, యాగంటికీ, మంత్రాలయానికీ పులిహోర మూట కట్టుకుని వెళ్లేవారని ఏ సినిమాలోనైనా చూపించారా? చూపించరు. పులిహోర పేలదు కదా.

అమెరికాలో ఉన్న మనవడు ఫోన్ చేశాడు. "జేజినాయనా, అమ్మొద్దు, దాంతో నాకు చాలా సెంటిమెంటుంది." సరే, ఆ సెంటిమెంటును నెలనెలా డాలర్లలో పంపమన్నాడు చిన్నాయన. లైను కట్టయింది.

బెంగుళూరు నుంచి ఒక సేకరణల ఆసామి వీడియో కాల్ చేశాడు. పెద్దమనిషే, కాదనను. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవాటితో సరిపోతున్నాయా అని అడిగాడు, సరైన ప్రశ్న. మంచి ధరే చెప్పాడు. అయితే ఆయన దగ్గర ఇప్పటికే బోలెడన్ని ఉన్నాయట. ఏడాదికొకసారి తుడిచి వరసలో పెడతారట. నాకు మనసొప్పలేదు. రేకుల షెడ్డు పోయి ఏసీ షెడ్డు వస్తుంది, అంతేగా?

ఈ నిలవ ఉంచే వ్యవహారంలో మన తెలుగునేల మీద నిజాములను మించినవాళ్లు లేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చారు. పసుపు రంగు, వెనక సింహాసనం లాంటి సీటు. కారు చేతికి రాకముందే అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఉత్సవాలకూ ఊరేగింపులకూ తప్ప బయటకు తీయలేదు. దశాబ్దాలు గడిచినా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. మా ఆర్టీసీ బస్సు ఒక్క రోజులో తిరిగినంత! ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. కానీ ముచ్చటపడి వచ్చేయడం తప్ప దాంతో ఏం చేస్తాం?

నా మటుకు నాకు కారు కొనేవాడు దాన్ని రోడ్డెక్కించేవాడయి ఉండాలి. డబ్బు రెండో సంగతి. ఈ మాట చిన్నాయనతో అంటే, "డబ్బు నీది కాదు కాబట్టి రెండో సంగతి" అన్నాడు. నిజమే అనుకోండి.

చివరికి వచ్చాడు ఒకాయన, ఆదోని నుంచి. అక్కడి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. భార్యతో కలిసి బస్సులో వచ్చాడు. చేతిసంచిలో ప్లగ్గు స్పానరు, టార్చిలైటు, ఒక పాత దుప్పటి. నమస్కారం పెట్టాడు, దుప్పటి పరిచాడు, కారు కిందికి దూరాడు. అంతే. చాలాసేపు కాళ్లు తప్ప మనిషి కనపడలేదు. ఆ భార్య ఈలోగా చిన్నమ్మతో కూర్చుని బుడ్డలు ఒలుస్తూ ఫియట్ సామాను ఎక్కడ దొరుకుతుందో మొగుడి కంటే వివరంగా చెప్పింది. బొంబాయి ట్యాక్సీల పుణ్యాన ఇన్నాళ్లూ గడిచిందట. అక్కడ ఆఖరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరయింది. ఇరవై ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. అందుకని ఈయన ముందుగానే రెండు గేరుబాక్సులు తెప్పించి మంచం కింద దాచాడట. "ధాన్యం పెట్టుకునే చోటు వదినా అది" అంది. ఆ గొంతులో కోపం కంటే గర్వమే ఎక్కువుందని నా అనుమానం.

ఆయన బయటికి వచ్చి చేతులు తుడుచుకుని అడిగిన మొదటి ప్రశ్న ధర కాదు. "ఆఖరుసారి ఇది యాడికి పోయింది చిన్నాయనా?"

చూశారా, ఆయనకూ చిన్నాయనే అయిపోయాడు.

"మహానందికి" అన్నాడు చిన్నాయన. ఇక ఆగలేదు. ఆ రోజు ఎవరెవరు ఎక్కిందీ, తిరుగుదారిలో పాణ్యం దగ్గర ఫ్యాను బెల్టు తెగితే ఏం కట్టిందీ, అన్నీ చెప్పాడు. ఆ చెప్పడంలో పంతులుగారు ఒక్కసారి కూడా రాలేదు. బేరం అక్కడే కుదిరిపోయిందని నాకర్థమైంది. ఎంతకు పోయిందో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. రెండు వైపులవాళ్లూ!

కాగితాల తతంగం ఉంది. ఆర్సీ ఇంకా చిన్నాయన వాళ్ల నాయన పేరు మీదే ఉంది. పోయినవాళ్ల పేరు మీదున్న బండిని నేరుగా అమ్మలేం. ముందు 31వ నంబరు ఫారంతో వారసుడి పేరుకు మార్చాలి, తర్వాతే 29, 30 ఫారాలతో కొన్నవాడి పేరుకు. పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి రెన్యూవలుకు 25. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ అని కొత్త సదుపాయం పెట్టింది. 20,000 కడితే నంబరులో వీఏ అనే అక్షరాలతో ప్లేటు ఇస్తారు, పదేళ్ల చెల్లుబాటు. ఆ మాట చెప్పగానే ఫిట్టరు కళ్లు మెరిశాయి. కానీ అలాంటి బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ వాడకానికి తీయకూడదని తెలిసి చప్పబడిపోయాడు. "పత్తి మార్కెట్టుకు పోకూడదంటే నాకెందుకప్పా?" అన్నాడు. పాత నంబరే రెన్యూవలు చేయించుకుంటానన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయనకు నా ఓటు.

ఇంతా అయ్యాక డెలివరీ ఆగిపోయింది. ఆర్టీఓ ఆఫీసు వల్ల అనుకున్నారు కదూ? కాదు. కోడి వల్ల. ముందు సీటులో గుడ్ల మీద కూర్చుంది. పొదగడానికి ఇరవై ఒక్క రోజులు. అప్పటిదాకా కారు కదలడానికి వీల్లేదంది చిన్నమ్మ. నేను ఫిట్టరు మొహం వైపు చూడలేక గోడ మీది క్యాలెండరు చూశాను. ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "సరే వదినా, అంతలోపల కార్బురేటరు విప్పి ఎత్తుకపోతా, ఇంటికాడ కడుగుతా" అన్నాడు. భార్య సంచి నోరు తెరిచి పట్టుకుంది.

పిల్లలు లేచాయి. మినీ లారీ వచ్చింది. బుడ్డల బస్తా దిగింది, గంగాళం దిగింది, ఫియట్ ఎక్కింది. ఇప్పుడు ఆదోనిలో తిరుగుతోంది. ఫిట్టరు చిన్నాయనకు ఫోన్ మీద ఫోన్. రెండో తాళం దేనిది? చోక్ ఎంతదాకా లాగాలి? విసుగ్గా ఉందని మా అందరి దగ్గరా చెప్పుకుంటాడు గానీ, ఫోన్ రాని రోజు ఆయనే చేస్తాడు.

మొన్న స్పీకరులో పెట్టి మాట్లాడుతుంటే విన్నాను.

"చిన్నాయనా, ఎడమకు తిప్పినప్పుడల్లా హారన్ దానంతటదే మోగుతాండాది. ఏం చేయాల?"

"అది మొదట్నుంచీ అంతేలే. దానికి నీ దగ్గర ఎక్కువేమన్నా తీసుకున్నానా?"